మంచం మీది మనిషే కథ చెప్పేదాకా

2012 జనవరి 10న అమెరికాలో ఒక నవల విడుదలైంది. పేరు ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’, రచయిత జాన్ గ్రీన్. కథ చెప్పేది పదహారేళ్ల హేజల్ గ్రేస్ లాంకాస్టర్. థైరాయిడ్‌లో పుట్టిన క్యాన్సర్ ఆమె ఊపిరితిత్తులకు పాకింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం, వెంట చక్రాల మీద నడిచే సిలిండర్. ఆమె మనసు పడ్డ ఆగస్టస్ వాటర్స్‌కి పదిహేడేళ్లు. ఎముక క్యాన్సర్ అతని కాలిని తీసుకుంది. ఇండియానాపోలిస్‌లో ఒక చర్చిలో, తమలాంటి పిల్లల సమావేశంలో ఇద్దరూ కలుసుకుంటారు. ప్రేమించుకుంటారు. వాదించుకుంటారు, నవ్వుకుంటారు, భయపడతారు. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోతారు.

ఈ పుస్తకం కోట్ల ప్రతులు అమ్ముడైంది. 2014లో సినిమాగా వచ్చింది. 2020లో హిందీలో ‘దిల్ బేచారా’ అయింది. మన ఊళ్లలో ఇంగ్లిషు నవలలు చదివే పిల్లల్లో చాలామందికి ఇది తొలి ప్రేమకథ. చదివి ఏడ్చిన పిల్లల్ని చూసి ‘ఇందులో కొత్తేముంది, గీతాంజలి మేమెప్పుడో చూశాం’ అన్న తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ల మాటలో సగం నిజం ఉంది. జబ్బు నీడలో ప్రేమ చాలా పాత కథ. కొత్తదల్లా అది ఎవరి నోట వస్తున్నదన్నదే.

సుమారు రెండు శతాబ్దాల పాటు ఈ కథను ఎక్కువగా బతికి మిగిలినవాళ్లే చెప్పారు. ప్రియుడు చెప్పాడు, భర్త చెప్పాడు, డాక్టరు చెప్పాడు. మంచం మీది మనిషి అందంగా దగ్గింది, అందంగా నవ్వింది, అందంగా కన్నుమూసింది. ఆమెకి ఏమనిపించిందో మనకి అరకొరగానే తెలిసింది. ఆ మంచం మీది మనిషే కథ అందుకోవడానికి ప్రతిభ ఒక్కటే చాలలేదు. సూక్ష్మజీవుల శాస్త్రం ఎదగాలి, మందులు రావాలి, రోగితో డాక్టర్లు మాట్లాడే తీరు మారాలి, పదహారేళ్ల పాఠకుల కోసం ప్రత్యేకంగా పుస్తకాలు పుట్టాలి. ఇవన్నీ జరిగాకే హేజల్ నోరు విప్పగలిగింది. ఆ దారిని ఒకసారి వెనక్కి తిరిగి చూద్దాం.

క్షయ రాజ్యమేలిన శతాబ్దం

ఐరోపాలో పందొమ్మిదో శతాబ్దపు ప్రేమకథల్ని క్షయ ఏలింది. జాన్ కీట్స్ వైద్యం చదివినవాడు. 1820 ఫిబ్రవరిలో దగ్గుతో పడిన రక్తాన్ని చూసి తనకి రోజులు దగ్గరపడ్డాయని తానే తేల్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి రోమ్‌లో పోయాడు. అప్పటికి వయసు 25. ప్రేమించిన ఫానీ బ్రాన్‌కి రాసిన ఉత్తరాలు మిగిలాయి. ఆ ఉత్తరాల్లో బాధ ఉంది, అసూయ ఉంది, కోపం ఉంది. రోగి గొంతంటే అది. కానీ తర్వాతి కాలం కీట్స్ కోపాన్ని పక్కన పెట్టి, పాలిపోయిన యువకవి బొమ్మను మాత్రం దాచుకుంది.

1847లో పారిస్‌లో మారీ డుప్లెసిస్ 23 ఏళ్లకే క్షయతో చనిపోయింది. ఆమెను ప్రేమించిన చిన్న అలెగ్జాండర్ డ్యూమా మరుసటి ఏడాదే ‘లా డామ్ ఓ కమెలియా’ నవల రాశాడు. 1852లో అది నాటకమైంది, 1853లో వెర్డీ చేతిలో ‘లా ట్రావియాటా’ ఒపెరా అయింది. ఆ నవల కట్టుబడి చూడండి. పేరు చెప్పని ఒక పెద్దమనిషి కథ మొదలుపెడతాడు. ఆయనకి ప్రియుడు ఆర్మాండ్ తన కథ చెబుతాడు. నాయిక మార్గరీట్ సొంత మాటలు ఆమె పోయాక, చివర్లో, రాసి పెట్టిన కాగితాల్లోంచి మనదాకా వస్తాయి. ఆమె జీవితం ఇద్దరు మగవాళ్ల నోళ్లు దాటుకుని వచ్చింది.

క్షయకు అందం అంటగట్టిన కాలమది. పాలిపోయిన చర్మం, మెరిసే కళ్లు, సన్నబడ్డ ఒళ్లు సున్నితమైన మనసుకి గుర్తులని నమ్మారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ ఈ జబ్బుకి మూలం ఒక బ్యాక్టీరియా అని ప్రకటించాడు. సున్నితత్వానికీ దానికీ సంబంధం లేదని, ఇరుకు గదుల్లో, గాలి ఆడని చోట, తిండి చాలని ఒంట్లో అది పెరుగుతుందని క్రమంగా లోకానికి అర్థమైంది. కథలు మాత్రం వెంటనే మారలేదు. 1896లో పుచీనీ ‘లా బొయెమ్’లో మిమీ అదే పాత అందంతో కన్నుమూసింది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ప్రేమకథ ఇంటి మంచం నుంచి శానిటోరియానికి మారింది. థామస్ మన్ 1924లో దావోస్ కొండ మీది శానిటోరియం చుట్టూ ‘ది మ్యాజిక్ మౌంటెన్’ అల్లాడు. జపాన్‌లో హోరి తత్సువో కాబోయే భార్య 1935లో శానిటోరియంలో పోతే, ఆ దుఃఖం ‘కజె తచిను’ నవల అయింది. అక్కడా కథ చెప్పేది పక్కన కూర్చున్న ప్రియుడే. మన దగ్గర 1915లో మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానిటోరియం వెలిసింది. క్రిస్టియన్ ఫ్రిమాట్ మొల్లర్ దానికి తొలి పెద్ద డాక్టరు. దక్షిణ భారతం నలుమూలల నుంచి రోగులు ఆ చల్లగాలి కోసం వచ్చారు. నెలల తరబడి, ఏళ్ల తరబడి అయినవాళ్లకి దూరంగా బతికారు.

1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికాక ఆ ప్రపంచం కూలడం మొదలైంది. దానికి గట్టి దెబ్బ పడింది మన పక్కనే, మద్రాసులో. పేద రోగులకు ఇంటి దగ్గరే మందులిచ్చినా శానిటోరియంలో ఉంచి ఇచ్చినంత ఫలితం వస్తుందని మద్రాసు పరిశోధన 1959లో చూపించింది. ఆ తర్వాత కొండ మీద నెలల తరబడి పడుకోవాల్సిన అవసరం పోయింది. ధనిక దేశాల్లో క్షయ వెనక్కి తగ్గింది. ప్రేమకథకి మరో జబ్బు కావలసి వచ్చింది.

రోగికి చెప్పని రోజులు

ఆ ఖాళీలోకి క్యాన్సర్ వచ్చింది. దాంతోపాటు మౌనం కూడా వచ్చింది. 1961లో అమెరికా వైద్య సంఘం పత్రికలో డోనల్డ్ ఓకెన్ ఒక సర్వే ప్రచురించాడు. క్యాన్సర్ ఉందని రోగికి చెప్పకపోవడమే మేలని దాదాపు 90 శాతం డాక్టర్లు అన్నారు. భర్తకి చెప్పేవారు, తండ్రికి చెప్పేవారు, అన్నకి చెప్పేవారు. ఒళ్లు ఎవరిదో వాళ్లకి మాత్రం చివరగా తెలిసేది, ఒక్కోసారి అసలు తెలిసేదే కాదు.

1970 ఫిబ్రవరిలో వచ్చిన ఎరిక్ సెగల్ నవల ‘లవ్ స్టోరీ’ ఆ కాలానికి నిలువుటద్దం. యేల్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు చెప్పే ఆచార్యుడు రాసిన ఈ చిన్న పుస్తకం ప్రపంచాన్ని ఏడిపించింది. నాయిక జెన్నీ పోయిందన్న సంగతి మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. కథ చెప్పేది ఆమె భర్త ఆలివర్. పిల్లలు కలగడం లేదని పరీక్షలకు వెళితే, డాక్టరు అసలు సంగతి ముందు ఆలివర్‌కే చెబుతాడు. భార్య చనిపోబోతున్నదని భర్తకి తెలుసు, భార్యకి తెలియదు. అప్పట్లో అది పాఠకులకి వింతగా తోచలేదు. సినిమాలోనైతే జబ్బు పేరైనా వినిపించదు.

మన తెరల మీదా అంతే. 1971లో హృషీకేశ్ ముఖర్జీ ‘ఆనంద్’ కథను డాక్టర్ భాస్కర్ చేత చెప్పించాడు. 1981లో దాసరి నారాయణరావు ‘ప్రేమాభిషేకం’ తీశారు. అక్కినేని పాత్రకి తన క్యాన్సర్ సంగతి తెలుసు, కాని ప్రియురాలికి చెప్పడు. ఆమె తనని అసహ్యించుకుని మరొకరిని పెళ్లి చేసుకోవాలని వేరే ఇంటి గుమ్మం తొక్కుతాడు. ఆంధ్రదేశమంతా ఆ త్యాగానికి కన్నీళ్లు పెట్టింది. ఇక్కడ నోరు కట్టేసుకున్నది రోగి తానే. కథలో అతడే నాయకుడు, అయినా జబ్బు గురించి మాట్లాడే చోటు అతనికి దొరకలేదు. యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో నాయిక ఫోన్‌లో చిక్కుముళ్లు వేసి ఆడుకుంటుంది. ఆమె చావుకి దగ్గర పడుతున్న మనిషన్న సంగతి ప్రియుడికీ మనకీ చివర్లోనే తెలుస్తుంది. నవ్వుతూ పోయిన అమ్మాయిగా ఆమె లక్షల మంది గుండెల్లో ఉండిపోయింది. నవ్వు వెనక ఆమె పడ్డ బాధని మాత్రం మనం ఊహించుకోవాల్సిందే.

వీటిలో మణిరత్నం ‘గీతాంజలి’ ప్రత్యేకం. 1989లో వచ్చిన ఈ సినిమాలో జబ్బు ఇద్దరికీ ఉంది. దాపరికం అందరిదీ కాదు. తన రోజులు తక్కువని అమ్మాయికి ముందే తెలుసు. దాన్ని ఆమె నవ్వుతో, అల్లరితో ఎదుర్కొంటుంది. తన చావుకి సిద్ధపడ్డ పిల్ల అతని చావుని మాత్రం ఓర్చుకోలేకపోతుంది. ఆ ఒక్క మలుపులో గీతాంజలి అంతకుముందు పుట్టిన కథల్ని దాటి చాలా ముందుకు వెళ్లింది. సినిమా చావుతో ముగియదు. ఉన్నన్నాళ్లు కలిసి ఉండటానికి ఇద్దరూ చేతులు కలపడంతో ముగుస్తుంది. హేజల్, ఆగస్టస్‌ల కన్నా రెండు దశాబ్దాల ముందే తెలుగు ప్రేక్షకుడు ఇద్దరు రోగుల ప్రేమను రోగుల వైపు నుంచి చూశాడు. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన సంగతి.

మందు మార్చిన కథ

ఈలోగా ఆస్పత్రుల్లో మరో కథ నడుస్తోంది. దాని మూలంలో ఒక తెలుగువాడున్నాడు.

1940ల దాకా పిల్లలకు బ్లడ్ క్యాన్సర్ వస్తే వారాలో నెలలో, అంతే. 1947 చివరిలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే మందును పదహారు మంది పిల్లలకు ఇచ్చి చూశాడు. పది మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితం 1948 జూన్‌లో అచ్చయింది. మందు చేసి ఇచ్చింది లెడర్లీ ప్రయోగశాల. అక్కడి పరిశోధనకు అధిపతి, భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆసిడ్‌ను, దానికి అడ్డుపడే మందులను ఆయన బృందమే తయారుచేసింది. మెథోట్రెక్సేట్ కూడా వాటిలో ఒకటి. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. నవలలో ఆగస్టస్‌కి వచ్చిన ఎముక క్యాన్సర్‌కు ఈ రోజుకీ ఇచ్చే ముఖ్యమైన మందుల్లో మెథోట్రెక్సేట్ ఉంది.

ఫార్బర్ మందిచ్చిన పిల్లలు ఎక్కువకాలం బతకలేదు. కానీ దారి తెరుచుకుంది. 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డోనల్డ్ పింకెల్ బృందం అనేక మందుల్ని కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది. నేడు ధనిక దేశాల్లో పిల్లల బ్లడ్ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే రకం పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి నయమవుతోంది. ఈ మార్పు సాహిత్యానికి ఎంత అవసరమో గుర్తించాలి. వారాల్లో పోయే పిల్లకి ప్రేమకథ ఉండదు. నెలలూ ఏళ్లూ జబ్బుతో బతికే పిల్లకి ఉంటుంది. కీమో మధ్యలో స్కూలుకి వెళుతుంది, జుట్టు ఊడుతుంది, మళ్లీ మొలుస్తుంది, ఎవరో నచ్చుతారు, అద్దంలో తనని తాను చూసుకుని సిగ్గుపడుతుంది. అంటే చనిపోయే కథ స్థానంలో జబ్బుతో బతికే కథ వచ్చింది. మందు లేకపోతే ఆ కథే లేదు.

డాక్టర్ల మౌనం కూడా అదే రోజుల్లో సడలింది. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చావుకి దగ్గరైనవాళ్లతో కూర్చుని మాట్లాడి, వాళ్ల మాటలతోనే ‘ఆన్ డెత్ అండ్ డయింగ్’ రాసింది. 1978లో మైరా బ్లూబాండ్ లాంగ్నర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లల వార్డులో చేసిన అధ్యయనం పుస్తకంగా వచ్చింది. పెద్దలు ఎంత దాచినా తాము చనిపోతున్నామని ఆ పిల్లలకి తెలుసని, పెద్దలు బాధపడకూడదని వాళ్లే తెలియనట్టు నటిస్తున్నారని ఆమె చూపించింది. ఆ పుస్తకం చదివినవాళ్లెవరూ పిల్లల ముందు గుసగుసలాడలేరు. 1979లో ఓకెన్ సర్వేని మళ్లీ చేశారు. ఈసారి 97 శాతం డాక్టర్లు రోగికి నిజం చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్లలో ఒక వృత్తి మొత్తం తన తీరు మార్చుకుంది. జబ్బు పేరు తెలిసిన రోగి మాత్రమే దాని గురించి మాట్లాడగలదు. హేజల్ గొంతుకి దారి వేసిన అసలు మలుపు ఇదే.

అదే 1978లో సూసన్ సాంటాగ్ ‘ఇల్నెస్ యాజ్ మెటఫర్’ రాసింది. తనకి క్యాన్సర్ చికిత్స జరిగాక రాసిన పుస్తకమది. క్షయకు అందాన్ని, క్యాన్సర్‌కు అవమానాన్ని అంటగట్టే ఊహలు రోగిని రెండోసారి గాయపరుస్తాయని వాదించింది. జబ్బు జబ్బే, దానికి నీతి లేదని చెప్పింది.

పదహారేళ్ల పాఠకులు

ఎదిగే పిల్లల కోసం ప్రత్యేక నవలలన్న ఆలోచన అమెరికాలో 1967 తర్వాత బలపడింది. ఆ ఏడాది ఎస్.ఇ. హింటన్ టీనేజ్‌లో ఉండగానే ‘ది ఔట్‌సైడర్స్’ ప్రచురించింది. 1980లలో లర్లీన్ మెక్‌డేనియల్ జబ్బుపడ్డ టీనేజ్ పిల్లల కథలు వరసగా రాసింది. ఆమె కొడుక్కి మూడేళ్ల వయసులోనే మధుమేహం వచ్చింది. ఆ అనుభవం నుంచే ఈ కథలు పుట్టాయి. 1985 నాటి ‘సిక్స్ మంత్స్ టు లివ్’లో బ్లడ్ క్యాన్సర్ ఉన్న పదమూడేళ్ల డాన్ కథానాయిక. విమర్శకులు ఈ పుస్తకాలను పెద్దగా పట్టించుకోలేదు. పిల్లలు మాత్రం బడి లైబ్రరీల్లో అట్టలు చిరిగేదాకా చదివారు. తమ భయాలకు పేరు పెట్టే పుస్తకం వాళ్లకి మరెక్కడా దొరకలేదు.

జపాన్‌లో ఈ సంప్రదాయం ఇంకా లోతుగా పాతుకుంది. 1963లో ముఖంలో క్యాన్సర్‌తో పోయిన యువతి మిచికో ఓషిమా, ఆమె ప్రియుడు మకోతో కోనో రాసుకున్న ఉత్తరాలు పుస్తకమై దేశాన్ని కదిలించాయి. వెన్నును, చిన్నమెదడును క్రమంగా తినేసే జబ్బు వచ్చిన అయా కీతో డైరీ 1986లో పుస్తకమైంది. తర్వాత ‘వన్ లీటర్ ఆఫ్ టియర్స్’ పేరుతో టీవీకి ఎక్కింది. 1988లో ఆమె పోయింది. ఈ రెండింటిలోనూ రోగి రాసిన అక్షరాలే ఉన్నాయి. 2001లో క్యోయిచి కతయమ నవల బ్లడ్ క్యాన్సర్‌తో పోయిన బడి అమ్మాయి కథను మళ్లీ ప్రియుడి నోటితోనే చెప్పి లక్షలాది ప్రతులు అమ్ముడైంది. అమెరికాలో నికోలస్ స్పార్క్స్ 1999 నాటి ‘ఎ వాక్ టు రిమెంబర్’లోనూ చెప్పేది అబ్బాయే. అమ్మాయి అతన్ని మంచివాడిగా మార్చి వెళ్లిపోతుంది. పాత అలవాటు అంత సులువుగా పోలేదు.

హేజల్ నోరు విప్పింది

జాన్ గ్రీన్ కాలేజీ చదువయ్యాక కొన్ని నెలలు ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో పిల్లల ఆస్పత్రిలో చాప్లిన్‌గా, అంటే రోగులకీ కుటుంబాలకీ ధైర్యం చెప్పే మతబోధకుడిగా పనిచేశాడు. అక్కడ చూసినదాన్ని నవల చేయాలని పదేళ్లకు పైగా ప్రయత్నించాడు. తొలి ప్రయత్నాల్లో కథ చాప్లిన్ చుట్టూ తిరిగేది. అది కుదరలేదు. పక్కన నిలబడినవాడి కళ్లతో చూసినంతకాలం కథ ముందుకు నడవలేదు.

2009లో గ్రీన్‌కు ఎస్తర్ ఎర్ల్ పరిచయమైంది. ఆయన, తమ్ముడు హాంక్ కలిసి 2007లో మొదలుపెట్టిన యూట్యూబ్ వీడియోల అభిమాని ఆమె. ఎస్తర్‌కు పన్నెండేళ్లప్పుడే థైరాయిడ్ క్యాన్సర్ బయటపడింది. ఆక్సిజన్ గొట్టంతో బతుకుతూ, స్నేహితులతో రాత్రులు కబుర్లాడుతూ, నవ్వుతూ, కోప్పడుతూ పెరిగింది. 2010 ఆగస్టులో పదహారేళ్లకే పోయింది. హేజల్ ఎస్తర్ కాదని గ్రీన్ ఎప్పుడూ చెబుతాడు. అయితే జబ్బుపడ్డ పిల్లలు జ్ఞానమూర్తులు కారని, తిండి మీద, ప్రేమ మీద, నవ్వు మీద అందరిలాగే ఆశ ఉన్న పిల్లలని ఎస్తర్ వల్లే అర్థమైందని ఆయన ఒప్పుకున్నాడు. నవలను ఆమెకే అంకితమిచ్చాడు. 2014లో ఎస్తర్ రాతలను ఆమె తల్లిదండ్రులు ‘దిస్ స్టార్ వోంట్ గో ఔట్’ పేరుతో పుస్తకంగా తెచ్చారు.

నవలలో హేజల్ చూపు సూటిగా ఉంటుంది. తన క్యాన్సర్ నయం కాదని, ఒక మందు దాన్ని ఆపుతోందని ఆమెకు తెలుసు. ఆ మందు రచయిత కల్పన. తాను పోతే అమ్మానాన్నలు ఏమవుతారన్నదే ఆమె పెద్ద భయం. అందుకే ఆగస్టస్‌ని దూరం పెట్టాలని చూస్తుంది. ఎంతో ఇష్టపడి చదివిన నవల అర్ధంతరంగా ఆగిపోతే, కథలోని అమ్మకు తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళుతుంది. అడిగేది కథలోని తల్లి గురించే అయినా, ఆమె ఆలోచన అంతా తన తల్లి గురించే. కళ్లు పోగొట్టుకోబోతున్న స్నేహితుడు ఐజాక్‌ను ప్రియురాలు వదిలేస్తుంది. ఆగస్టస్ చివరి రోజుల్లో వీరుడిలా ఉండడు. నొప్పి ఉంటుంది, వాంతి ఉంటుంది, సిగ్గు ఉంటుంది. డ్యూమా నుంచి సెగల్ దాకా దాచిపెట్టిన శరీరం ఇక్కడ పేజీ మీదికి వచ్చింది. నా దృష్టిలో ఈ నవల గొప్పతనం దాని కన్నీళ్లలో లేదు. రోగి శరీరం మీద రోగికే హక్కు ఇవ్వడంలో ఉంది.

లోపాలూ ఉన్నాయి. ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంట్లో ముద్దు పెట్టుకునే ఘట్టం చాలామందిని నొప్పించింది. పదహారేళ్ల పిల్లలు ఇంత తాత్వికంగా మాట్లాడతారా అని అడిగినవాళ్లూ ఉన్నారు. రెండో అభ్యంతరం నాకు నిలబడేదిగా అనిపించదు. చావు దగ్గరున్న పిల్లలకి పెద్ద ప్రశ్నలు అడిగే అర్హత ఉంటుంది. మొదటి అభ్యంతరం మాత్రం బలమైనది.

ఆ తర్వాత

2012లోనే జెస్సీ ఆండ్రూస్ ‘మీ అండ్ ఎర్ల్ అండ్ ది డయింగ్ గర్ల్’ వచ్చింది. బ్లడ్ క్యాన్సర్ ఉన్న రేచల్‌తో ప్రేమ పుట్టదని, జబ్బు ఎవరికీ పాఠం నేర్పదని ఆ పుస్తకం పట్టుబట్టి చెప్పింది. ఆ ధైర్యం నచ్చుతుంది. కానీ చెప్పేది మళ్లీ పక్కనున్న అబ్బాయే. 2013 జనవరిలో బ్రిటన్‌లో ఒక దినపత్రిక ఇలాంటి నవలలను హానికరమైనవిగా చిత్రించింది. ఆ మాటను చాలామంది గట్టిగా తిప్పికొట్టారు. 2015లో నికోలా యూన్ ‘ఎవ్రీథింగ్, ఎవ్రీథింగ్’లో ఇల్లు దాటలేని అమ్మాయి ప్రేమ ఉంది. చివరి మలుపులో అసలు జబ్బే లేదని తేలడంతో నిజంగా జబ్బుతో బతికేవాళ్లు బాధపడ్డారు. రోగికి సుఖాంతం కావాలంటే ఆమె రోగే కాకపోవాలా అని వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్న.

2018లో రేచల్ లిపిన్‌కాట్ ‘ఫైవ్ ఫీట్ అపార్ట్’ వచ్చింది. స్టెల్లా, విల్ ఇద్దరికీ సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుపోయే వంశపారంపర్య జబ్బు అది. ఒకరి సూక్ష్మజీవులు మరొకరికి సోకితే ప్రాణాపాయం కాబట్టి ఇద్దరి మధ్య ఆరడుగుల దూరం తప్పదు. ఇద్దరు రోగులూ వంతులవారీగా కథ చెబుతారు. ఇదే కథతో వచ్చిన సినిమా దర్శకుడు జస్టిన్ బాల్డోనీకి ప్రేరణ క్లెయిర్ వైన్‌లాండ్. తన జబ్బు గురించి నిర్భయంగా మాట్లాడిన ఆమె ఊపిరితిత్తుల మార్పిడి జరిగిన కొద్ది రోజులకే, 2018 సెప్టెంబరులో, 21 ఏళ్లకు పోయింది. 2019 అక్టోబరులో ఈ జబ్బుకు ట్రైకాఫ్టా అనే మందు అమెరికాలో అనుమతి పొందింది. చాలామంది రోగుల ఆయుష్షును, రోజువారీ జీవితాన్ని మార్చింది. దాని ధర మాత్రం ఏడాదికి 3 లక్షల డాలర్లు దాటింది. తెలుగులో 2023 డిసెంబరులో వచ్చిన ‘హాయ్ నాన్న’ ఇదే జబ్బు ఉన్న చిన్న పాప కథ. ఆ జబ్బు పేరు తెలుగు ఇళ్లలో వినిపించడం దానివల్ల జరిగిన మేలు.

2020 జూలై 24న ‘దిల్ బేచారా’ మొబైల్ తెరల మీదికి వచ్చింది. ముకేశ్ ఛాబ్రా దర్శకత్వంలో, ఏ.ఆర్. రెహమాన్ సంగీతంతో, ఇండియానాపోలిస్ కథ జంషెడ్‌పూర్‌కి చేరింది. నాయకుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ అప్పటికే లేడు. కరోనా భయంతో దేశమంతా తలుపులు మూసుకుని, ఆరడుగుల దూరం పాటిస్తూ ఆ సినిమా చూసింది.

మళ్లీ క్షయ దగ్గరికి

ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించే మలుపు ఒకటుంది. క్యాన్సర్ ప్రేమకథతో ప్రపంచానికి తెలిసిన జాన్ గ్రీన్, 2019లో సియెర్రా లియోన్ వెళ్లాడు. లక్కా ప్రభుత్వ ఆస్పత్రిలో హెన్రీ అనే కుర్రాడు ఆయన చెయ్యి పట్టుకుని వార్డంతా తిప్పాడు. చూడటానికి తొమ్మిదేళ్లవాడిలా ఉన్నాడు. అతనికి నిజానికి 17 ఏళ్లు, ఆగస్టస్ వయసే. మందులకు లొంగని క్షయ అతని ఎదుగుదలను మింగేసింది. హెన్రీ కవిత్వం రాస్తాడు. సరైన మందులు అందాక బతికాడు. అతని చుట్టూ అల్లుకున్న పుస్తకం ‘ఎవ్రీథింగ్ ఈజ్ ట్యూబర్‌క్యులోసిస్’ 2025 మార్చిలో వచ్చింది.

మార్గరీట్‌తో మొదలైన దారి మళ్లీ క్షయకే చేరింది, అయితే ఈసారి అందం తొడుగు లేకుండా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2023లో క్షయతో 12.5 లక్షల మంది చనిపోయారు. ప్రపంచంలోని రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. మందులకు లొంగని క్షయపై పనిచేసే బెడాక్విలిన్ 2012 డిసెంబరులో, హేజల్ కథ వచ్చిన ఏడాదిలోనే, అమెరికాలో అనుమతి పొందింది. దాని పేటెంటును పొడిగించి ధర తగ్గకుండా చూడాలని తయారీ సంస్థ ప్రయత్నిస్తే, ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా తిసిలే కలిసి భారత పేటెంటు కార్యాలయంలో అడ్డుపడ్డారు. ఇద్దరూ క్షయ నుంచి కోలుకున్నవాళ్లు, ఇద్దరూ పాత మందుల దుష్ప్రభావంతో వినికిడి పోగొట్టుకున్నవాళ్లు. 2023 మార్చిలో వాళ్లు గెలిచారు. రోగి నోరు విప్పితే మందు ధర కూడా దిగుతుందని నిరూపించారు.

రెండు శతాబ్దాల ఈ ప్రయాణం ముగిసిందని నేను అనుకోను. రోగి కథ చెప్పే హక్కు గెలుచుకుంది, నిజమే. అయితే ఆ హక్కు ఇప్పటిదాకా ఎక్కువగా మందు కొనగలిగినవాళ్లకే దక్కింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి వరండాలో ఊరి నుంచి తండ్రితో వచ్చి కూర్చున్న పదహారేళ్ల అమ్మాయి ఉంది. మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ ఇంటర్ చదువుకునే తలసీమియా కుర్రాడున్నాడు. వాళ్లకీ ఎవరో నచ్చుతారు. వాళ్లకీ అద్దం ముందు సిగ్గు ఉంటుంది. అయితే ‘పాపకి చెప్పకండి డాక్టరుగారూ’ అనే మాట మన ఇళ్లలో ఇంకా పోలేదు. ప్రేమతోనే అంటాం, కానీ ఆ ప్రేమ పిల్లల నోరు మూస్తోంది. పిల్లలకి తెలుసని, వాళ్లే మన కోసం నటిస్తున్నారని 1978లోనే రుజువైంది.

తెలుగులో టీనేజ్ పిల్లల కోసం రాసేవాళ్ల ముందు ఇంత పెద్ద పొలం దున్నకుండా ఉంది. మనకి గీతాంజలి అల్లరి ఉంది, సుబ్బారావు మందు ఉంది, ఆరోగ్యవరం చరిత్ర ఉంది. ఇక కావలసింది తన జబ్బు పేరు తెలిసిన, తన ప్రేమ పేరు తెలిసిన పదహారేళ్ల పిల్ల తన మాండలికంలో, తన మాటల్లో చెప్పే నవల. అది రావాలంటే ముందు పెద్దలం ఆ పిల్లతో నిజం మాట్లాడాలి. ఆ తర్వాత ఆమె ఏం చెబుతుందో వినడానికి కూర్చోవాలి.